మాయమైన ఏడు మెగాబైట్లు

"ఈ ఇంట్లో ఘోరమైన నేరం జరిగింది. దాన్ని ఛేదించగల బుర్ర ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మీ అదృష్టం కొద్దీ అది నా మెడ మీదే ఉంది!"

భూతద్దం బావ ఇంత ఘనంగా ప్రకటించినా మరదలు కీబోర్డు మీంచి తలెత్తలేదు. బావ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. సెలవు వచ్చిందంటే మాత్రం తనను తానే అపరాధ పరిశోధకుడిగా నియమించుకుంటాడు.

"ఏం పోయింది బావా?"

"ఏడు మెగాబైట్లు! ప్రోగ్రాము రాసినాయన పంపిన ఫైళ్ల మూట నలభై ఎనిమిది. నీ దగ్గరున్నది నలభై ఒకటి. మధ్యలో ఎవరో నొక్కేశారు."

"నేనే తీసేశాను."

"ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఎవర్నో కాపాడుతోంది," అని బావ డైరీలో రాసుకున్నాడు.

మరదలికి ఒళ్లు మండింది. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల ప్రోగ్రాములనే పోగుచేసి అందరికీ అందించే బృందంలో ఆమె జీతం లేకుండా పనిచేస్తుంది. వచ్చిన మూట విప్పాలి, మార్చడానికి అనుమతి లేని ఫైళ్లను ఏరేయాలి, తీసేసినవాటి జాబితా రాసిపెట్టి మూట మళ్లీ కట్టాలి. ఈసారి వచ్చింది పుస్తకాలు పైకి చదివి వినిపించే ప్రోగ్రాము. సాయంత్రం ఐదింటికల్లా పంపకపోతే మళ్లీ రెండేళ్ల దాకా బృందం కొత్త విడుదల లేదు.

ఏడు మెగాబైట్లు ఏరేశాక రాసినాయన దగ్గర్నుంచి తాపీగా ఉత్తరం వచ్చింది. ప్రోగ్రాములో మోగే నూట నలభై శబ్దాల్లో ఒకటి స్నేహితుడిదట, దానికేదో షరతు ఉందట, ఏ శబ్దమో గుర్తులేదట. మూడు రోజులుగా ఆమె ప్రతి ఫైల్లోనూ ఆ షరతు మాటల కోసం వెతుకుతోంది. ఒక్క అక్షరమూ దొరకలేదు.

పక్క కుర్చీలో చూపు పోయిన అమ్మ కూర్చుని ఉంది.

"నీ ఒక్కదాని కంప్యూటర్లో ఇప్పుడే పెట్టేస్తానమ్మా."

"నాతోపాటు చూపు పోయినవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లతోపాటే నాకూను."

బావ అత్తగారి ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నేరం జరిగినప్పుడు మీరేం చూశారత్తయ్యా? దాచకుండా చెప్పండి."

"చీకటి, అల్లుడుగారూ."

"చీకట్లో జరిగిందన్నమాట!" బావ మరో పేజీ నింపాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని, దొంగ అలికిడి ఎక్కడైనా పడి ఉంటుందని శబ్దాలన్నీ వరసగా వినడం మొదలుపెట్టాడు. పేజీ తిప్పినప్పుడు మోగే గంట దగ్గరకు వచ్చేసరికి 'టింగ్' తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పరిశోధకుడికి కమ్మటి కునుకు పట్టింది. తల పక్కకు వాలింది, హెడ్‌ఫోన్ల తీగ ఊడిపోయింది.

నాలుగు నిమిషాల తర్వాత గదిలో ఓ గంభీరమైన గొంతు మోగింది.

"ఈ గంటను మార్చడానికి ఎవరికీ అనుమతి లేదు!"

"ఎవర్రా అది? చేతులు పైకెత్తు!" అని అరుస్తూ లేచి, బావ తన చేతులే పైకెత్తేశాడు.

మరదలు నోరెళ్లబెట్టింది. తను అక్షరాల కోసం వెతికింది. ఆ మహానుభావుడైన స్నేహితుడు షరతును రాయలేదు, గంట చివర తీరిగ్గా చెప్పి రికార్డు చేశాడు! రాసినాయన ఒకటే అన్నాడు కాబట్టి దొంగ గంట ఇదొక్కటే. గడియారం చూసింది. నాలుగూ నలభై.

గంట తీసేసింది, జాబితాలో ఎక్కించింది. మరి పేజీ తిరిగితే ఏం మోగాలి? అమ్మ చెయ్యి మైకు దగ్గరకు చాపి, టక్కున చిటిక వేసింది.

"దీన్ని ఎవరైనా మార్చుకోవచ్చా అమ్మా?"

"వాళ్ల ఇష్టమొచ్చినట్టు మార్చుకోమను. నాకు వినబడితే చాలు."

ఐదుకు రెండు నిమిషాలుండగా మూట వెళ్లిపోయింది. మరదలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బావ మాత్రం ఇంకా మూటలు పోల్చి చూస్తున్నాడు. "ఘోరం! మన కళ్ల ముందే మరో ఫైలు పోయింది! పైగా దాని చోట దొంగ తన గుర్తు వదిలి వెళ్లాడు!" ఆ గుర్తును నొక్కాడు. చిటిక వినిపించింది. "ఈ చిటిక వేసిన చెయ్యి ఎవరిదో తేలిందా, కేసు తేలినట్టే."

అత్తగారు అతని చెవి పక్కన మళ్లీ చిటిక వేసింది.

"రాసుకోండి, అల్లుడుగారూ."

బావ డైరీ చివరి పేజీలో రాశాడు: 'ముద్దాయి దొరికింది. దగ్గరి బంధువు. కేసు మూసివేయడమైనది.'