మహమూద్ ఇల్లు చూసొచ్చిన వైనం

ఆదివారం పొద్దున్నే పెద్దపల్లి వెళ్లి ఒక ఇల్లు చూసి, మధ్యాహ్నం భోజనం వేళకు కరీంనగర్ తిరిగి వచ్చెయ్యాలన్నది టైలర్ మహమూద్ ఆలోచన. అప్పు కట్టలేదని బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇల్లది. వచ్చే వారమే ఆన్‌లైన్‌లో వేలం. పేపర్లో వేసిన ధర బజారు ధరలో ఇంచుమించు సగం. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఏడు అద్దె కొంపలు మారిన మనిషి కాబట్టి ఆ ప్రకటన కత్తిరించి దాచుకున్నాడు. సొంతిల్లు దొరికితే ఈ ధరకే దొరకాలి, లేదంటే ఈ జన్మకు లేనట్టే.

"రిజిస్ట్రీ అయ్యేదాక కొంటున్నమని ఎవ్వరికి చెప్పకుండ్రి. నజర్ తగుల్తది," అంది భార్య అజ్రా.

దిష్టి విషయంలో అజ్రా మాట మహమూద్ జవదాటడు. ఎవరో కుట్టించుకుని తీసుకుపోకుండా వదిలేసిన సఫారీ సూటు తొడుక్కుని, మెడలో టేపుతో, చేతిలో పేపరు ముక్కతో బయల్దేరాడు.

ఇంటికి బ్యాంకు తాళం, గోడకు నోటీసు ఉన్నాయి. ముందు గదిలో కుట్టుమిషను పడుతుందో లేదో తేల్చుకుందామని బయటి నుంచే గోడ కొలవసాగాడు. పక్కింటి బాలవ్వ చేతిలో చాట కింద పెట్టి వచ్చింది.

"సారూ, బ్యాంకు నుంచి వచ్చిండ్రా?"

అవునంటే అబద్ధం. కాదంటే మరెందుకొచ్చావంటుంది. "జర చూసి పోదామని వచ్చిన," అన్నాడు.

"పాపం, హనుమండ్లు కోత మిషన్ కోసమని ఇల్లు కుదువ పెట్టిండు. కట్టలేక హుస్నాబాదుల అత్తగారింటికి పోయిండు," అని బాలవ్వ గొంతు తగ్గించింది. "మా కొడుకు గూడ మూడు కిస్తీలు కట్టలే సారూ. వచ్చే నెల కడ్తడు. మా ఇల్లు మాత్రం కొలవకుండ్రి."

హనుమండ్లు మీద మహమూద్‌కు నిజంగానే జాలేసింది. కానీ రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. టేపు కొస ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా బాలవ్వ వైపే ఆనింది. ఆమె ఒక్క పరుగున ఎదురింటికి పోయింది.

రెండిళ్లు కొలిచారన్న వార్త గల్లీ చివరికి చేరేసరికి ఆరిళ్లయింది. ఎదురింటి దామోదర్‌రావు తన ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాదైంది. ఆయన మహమూద్‌ను కూర్చోబెట్టి, ఛాయ్ ఇప్పించి, ఫోన్ నంబరు కూడా రాసుకున్నాడు.

"సారూ, గా ఇల్లు సగం ధరకు పోతే, రేపు నా ఇల్లు కొనెటోడు గదే రేటు అడుగుతడు. మా గల్లీ మొత్తం పడిపోతది. ఏదన్న ఉపాయం చెప్పుండ్రి."

మహమూద్ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. వీళ్ల గల్లీ పడిపోతే తప్ప తనలాంటి వాడు సొంతింటివాడు కాడు. కొనేది నేనేనని చెబుదామంటే దిష్టి భయం. అందుకని వేలం గురించి తెలిసిన నిజం ఒక్కటే చెప్పాడు.

"తక్కువకు పోవద్దంటే ఎవరన్న ఎక్కువ పాడాలె సార్."

వేలం నాడు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని మహమూద్ ఒక మెట్టు పెంచితే, అవతల ఎవరో రెండు మెట్లు పెంచారు. అజ్రా గాజులు కలుపుకున్నా అందనంత దూరం పోయాక ఆగిపోయాడు. ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. ఆ పూట ఇద్దరికీ ఏడుపొచ్చింది.

"ఎవ్వరికన్న చెప్పిండ్రా?" అంది అజ్రా.

"నోరిప్పలే."

"మరి నజర్ ఎట్ల తగిలింది?"

రెండు నెలలకు దామోదర్‌రావు ఫోన్ చేశాడు. "సారూ, మీరు చెప్పినట్టే ఆరిండ్లోళ్లం కలిసి పాడినం. గల్లీ రేటు నిలవడ్డది. గని గా ఇల్లు మాకెవ్వరికి అక్కెర లేదు, ఉత్తగ పడి ఉన్నది. మంచి కిరాయిదారు ఉంటె చెప్పుండ్రి."

ఏడో కొంప యజమాని అప్పటికే ఖాళీ చెయ్యమన్నాడు. మహమూద్ ఒక నిట్టూర్పు విడిచాడు. "ఉన్నరు సార్. ఆలుమగలు, ఒక కుట్టుమిషను. మంచోళ్లే."

ఆటోలోంచి మిషను దించుతున్న బ్యాంకు సారును చూసి గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. మహమూద్ సిగ్గుపడుతూనే మొత్తం చెప్పేశాడు. దామోదర్‌రావు మిషనుకు ఒక చెయ్యి వేశాడు.

"గానాడే చెప్తె మంచి రేటుకు నా ఇల్లే మీకిచ్చి, గీ పరేషాన్ లేకుంట పోతుండె గద," అన్నాడు.

ఆ మంచి రేటు తన దగ్గర లేదని మహమూద్ చెప్పలేదు.

ఒకటో తారీఖున ఆరుగురు యజమానులూ ఆరు వేళలకు వచ్చి, గోడలకు మేకులు కొట్టొద్దని ఎవరికి వారు చెప్పి వెళ్లారు.