కొరియా సీరియల్ మీద గంగులు అభిప్రాయం

ఆ రోజు గంగులు పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, టెక్కలి వెళ్లి, రెండు కట్టలు నైలాన్ దారం కొనుక్కుని, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి వలలో చిరుగు కుట్టుకోవాలి. గాలి ఎదురు తిరిగి రెండు రోజులుగా వల దించలేదు. గంగులుకి అరవై రెండేళ్లు. పట్టిన పని మధ్యలో వదిలెయ్యడం ఆ అరవై రెండేళ్లలో ఎవరూ చూడలేదు.

టీ అయితే తాగాడు. గడప దాటడానికే దారి లేదు. నౌపడ దాటాక ఉప్పుమడుల వెనకాల ఉంది వాళ్ల పేట. వేట లేని రోజున పేటలోని ఆడవాళ్లంతా గంగులు భార్య కూర్మమ్మ అరుగు మీదే ఉంటారు. కోడలు గౌరి తన ఫోనును పప్పు డబ్బాకి ఆనించి నిలబెడుతుంది. అందులో కొరియా సీరియల్ తెలుగులో మాట్లాడుతుంది. కథ పెద్దదేం కాదు. హీరోకి ఒక జిమ్ము ఉంది. హీరోయిన్ ఒళ్లు గట్టిపడాలని అక్కడికి వస్తుంది. ఒళ్లు గట్టిపడేలోగా ఇద్దరి మనసులూ మెత్తబడతాయి. పదకొండు భాగాలైనా ఆ ముక్క ఒకరికొకరు చెప్పుకోలేదు.

సీరియల్ అయ్యాక గౌరి అందరి అభిప్రాయాలూ వీడియో తీసి తన ఛానల్లో పెడుతుంది. పేట ఆడవాళ్లు ఏమంటారో వినడానికి ఎక్కడెక్కడివాళ్లో చూస్తారు.

"ఆ గుంట ఎండు నెత్తల సేపలా ఉన్నాది. ఇంకా ఏటి కరగాలని బరువులెత్తుతన్నాది?" అంది బుల్లమ్మ.

"ఆడు మాత్రం? పొద్దస్తమానం గుడ్లు మింగుతన్నాడు గాని ఒక్క ముద్ద అన్నం తిన్నట్టు సూపించనేదు. అయ్యి ఒట్టి గాలి కండలే," అంది దానమ్మ.

"మీ ముకాలు!" అని కూర్మమ్మ ఇద్దర్నీ ఒక్క మాటతో కూచోబెట్టింది. "ఆ గుంట కాలు జారి పడిపోబోతే ఏటి సేసినాడు? లాగతన్న తాడు ఆడికాడే ఒగ్గీసి పరిగెట్టుకొచ్చి పట్టుకోనేదూ? మగోడంటే ఆడే."

అప్పుడే చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరి కాలూ తొక్కకుండా అరుగు దిగుతున్నాడు గంగులు. గౌరి ఫోను అతని వైపు తిప్పింది.

"మావా, నీ అబిప్రాయం సెప్పు."

గంగులు అభిప్రాయాలు చెప్పే మనిషి కాదు. ఎందుకు నోరు జారాడో అతనికే తెలీదు. "తాడు ఒగ్గీసినాడు," అన్నాడు.

"అదే కదా మావా బాగున్నాది!"

"ఇంకొకడి సేతికి ఇవ్వకుండా ఒగ్గీసినాడు. తాడే నిలబెట్టనేనోడు ఆడదాన్నేటి నిలబెడతాడు?"

కూర్మమ్మ మొగుడి వైపు చూసింది. ఆ చూపుకి ఇరవై తొమ్మిదేళ్లు.

ఒడ్డునుంచి పెద్దవల లాగేటప్పుడు తాడు చివర పట్టేవాణ్ణి కొస మనిషి అంటారు. పదిమంది లాగుతుంటే కొస మనిషి మడమలు ఇసకలో దించి, వచ్చిన తాడు మళ్లీ సముద్రంలోకి పోకుండా ఆపుతాడు. ఇంకొకడు వచ్చి ఆ కొస చేత్తో అందుకునేదాకా అతను వదలకూడదు. తేలు కుట్టినా వదలకూడదు. ఇరవై తొమ్మిదేళ్ల కింద గంగులు అలా కొస పట్టి ఉండగా, వెనకాలే చేపలు ఏరుతున్న కూర్మమ్మ నొప్పులొచ్చి ఇసకలో కూలబడింది. గంగులు కదల్లేదు. "రాముడూ, తాడు పట్టు!" అని కేక వేశాడు. రాముడు కూర్మమ్మ తమ్ముడు. అతను పరిగెత్తుకొచ్చి కొస అందుకునేసరికి, తెప్ప చాటున ముసలమ్మల చేతుల్లో గోపి పుట్టేశాడు.

వదిలితే వల పోయేదని, పదకొండు కొంపల్లో పొయ్యి వెలిగేది కాదని కూర్మమ్మకి తెలుసు. అందుకే తప్పు అని ఎన్నడూ అనలేదు. ఏడాదికోసారి, గోపి పుట్టినరోజు నాడు, పాయసం గిన్నె మొగుడి ముందు పెట్టి, "ఒక్కపాలి ఇటు తిరిగి సూసినావేటి?" అని మాత్రం అడుగుతుంది. గంగులు పాయసం తినేసి చెయ్యి కడుక్కుంటాడు.

ఆ రోజు గంగులు టెక్కలి వెళ్లలేదు. కూర్మమ్మ దారి ఇవ్వలేదు.

మర్నాడు పొద్దుటికి ఆ వీడియో నలభై వేలమంది చూశారు. గౌరి కింద రాసినవి చదువుతుంటే పేటంతా విన్నది. సగంమంది తాత మాటే మాట అన్నారు. సగంమంది రాతిగుండె అన్నారు. ఎవరో అమ్మాయి, "పాపం, ఈయన భార్య ఎలా నెగ్గుకొస్తోందో!" అని రాసింది. ఆ ముక్క కూర్మమ్మ మూడుసార్లు చదివించుకుంది.

అన్నిటి కింద టెక్కలి హరిబాబు రాసింది ఉంది. అతనికి అక్కడ జిమ్ము ఉంది. గోడ మీద ఆ కొరియా హీరో బొమ్మ నిలువెత్తున అంటించాక అతనికి ఆడవాళ్ల బ్యాచి ఒకటి కొత్తగా మొదలైంది. గంగులు మాట బయటికొచ్చిన పూటే ఆ బ్యాచిలో ఇద్దరు, "తాడు వదిలేసేవాడి బొమ్మ ఎందుకండీ?" అని అడిగారట. హరిబాబు మండిపోయి రాశాడు: "తాతగారూ, మా జిమ్ముకి వచ్చి పది నిమిషాలు తాడు పట్టుకోండి. ఆ తరవాత మాట్లాడండి."

"ఎలాగూ దారానికి ఎల్లాల," అన్నాడు గంగులు.

"పది నిమిసాలు గాదు. నాను సాలనేదాకా పట్టాల," అంది కూర్మమ్మ. "నీ తాడు ఎవులూ అందుకోరు. మద్దిలో ఒగ్గీసినావో, ఆ పోనులోనే ఆ సీరియల్ గుంటడిదే రైటని సెప్పాల."

"ఒగ్గను."

"ఆ సంగతి నాకు తెల్దేటి?" అంది ఆమె. ఆ మాట కొంచెం మెల్లగా అంది.

రెండు ఆటోలు బయల్దేరాయి. ఎలాగూ వెళ్తున్నాం కదా అని కూర్మమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుంది. ఆమె ఎత్తుకుందని బుల్లమ్మ, దానమ్మ కూడా ఎత్తుకున్నారు. రాముడు సాక్ష్యానికి వచ్చాడు. గౌరి ఫోను ఛార్జింగు నిండా పెట్టుకుంది.

జిమ్ము మేడ మీద ఉంది. కింద అప్పలసూరి టైలరు కొట్టు. హరిబాబు మెట్ల మీదే ఎదురొచ్చాడు. ముసలాయన ఒక్కడూ వస్తాడనుకుంటే మూడు గంపలు కూడా వచ్చేసరికి అతని ముఖంలో రంగు మారింది. ఏసీ గదిలోకి ఎండుచేపల వాసన ముందు వెళ్లింది. మనుషులు తరవాత వెళ్లారు.

"తాతగారూ, బూట్లు లేకుండా లోపలికి రాకూడదు. రూలు," అన్నాడు హరిబాబు.

"బూటుంటే మడమ దిగదు," అన్నాడు గంగులు.

"ఇది ఇసక కాదు, టైల్సు."

గంగులు వంగి టైల్సు చేత్తో తడిమి చూశాడు. వట్టి కాళ్లతోనే ముందుకి నడిచాడు. హరిబాబు బరువుల మిషను దగ్గరికి తీసుకెళ్లాడు. ఇనప పలకలు దొంతరగా ఉన్నాయి. వాటికి తీగ, తీగ చివర తాడు. లాగితే పలకలు లేస్తాయి. హరిబాబు ముప్ఫై కిలోలు పెట్టి, గడియారం చూసుకుని, "కానివ్వండి," అన్నాడు.

అందరూ నిలబడి లాగుతారు. గంగులు కొస పట్టి వెనక్కి నడిచాడు. తీగ ఎంత సాగుతుందో అంత నడిచి, గుమ్మం దగ్గర గడపకి మడమలు తన్ని పెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి ఆగాడు. పలకలు గాల్లో ఆగాయి. జిమ్ముకి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. ఇప్పుడు లోపలివాళ్లు బయటికి పోలేరు, బయటివాళ్లు లోపలికి రాలేరు.

పది నిమిషాలైంది. హరిబాబు చప్పట్లు కొట్టాడు. "గెలిచారు తాతగారూ. వదిలెయ్యండి."

"అందుకో," అన్నాడు గంగులు అలవాటుగా.

హరిబాబు ఇదేదో అభినందన అనుకుని చెయ్యి చాపాడు. దానమ్మ గంపతో అడ్డం వచ్చింది. "పందెం అవ్వనేదు బాబూ. సేయి ఎయ్యకు."

ఇరవై నిమిషాలైంది. గంగులు చేతులు సన్నగా వణకడం మొదలెట్టాయి. లోపల చిక్కుకున్న బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఆఫీసుకి వేళైందని గొడవ పెట్టుకుని, దారి దొరక్క మళ్లీ నడిచే బెల్టు ఎక్కాడు. మెట్ల మీద ఆడవాళ్ల బ్యాచి వచ్చి నిలబడింది. ఆ వెనకవాళ్లు చేపలవాళ్లు జిమ్ము ముట్టడించారని చెప్పుకున్నారు. ఇంకా వెనకవాళ్లు ఎందుకు ముట్టడించారో కారణం కూడా చెప్పుకున్నారు.

ఆ సందడికి కింది నుంచి అప్పలసూరి జనాన్ని తోసుకుని పైకొచ్చాడు. అతనికి కనబడింది ఇది: గుమ్మంలో ఒక ముసలాయన ఇనప తీగ పట్టుకుని, పళ్లు బిగించి, వణికిపోతున్నాడు. "వదలండి, వదిలెయ్యండి" అని అందరూ మొత్తుకుంటున్నా వదలడం లేదు.

"ఓలమ్మో, కరెంటు పట్టీసినాది!" అని అప్పలసూరి కిందికి పరిగెత్తి మెట్ల కింది మెయిను లాగేశాడు. లైట్లు పోయాయి. ఏసీ ఆగింది. నడిచే బెల్టు మీద పరిగెడుతున్న బ్యాంకు ఉద్యోగి బెల్టు ఆగినా తను ఆగలేక వెళ్లి బుల్లమ్మ కింద పెట్టిన గంపలో కూర్చున్నాడు.

అప్పలసూరి ఇంతలో కొట్టులోని గజంబద్ద పట్టుకుని మళ్లీ వచ్చాడు. కరెంటు పట్టినవాణ్ణి కర్రతోనే విడిపించాలని అతను చిన్నప్పుడే విన్నాడు. గంగులు మణికట్టు మీద గట్టిగా ఒక్కటిచ్చాడు. బద్ద రెండు ముక్కలైంది. గంగులు వదల్లేదు.

"ఎందుకు కొట్టినావు?" అన్నాడు గంగులు.

"నువ్వు బతికే ఉన్నావేటి?" అన్నాడు అప్పలసూరి.

ఇదంతా గౌరి ఛానల్లో ఎప్పటికప్పుడు వెళ్తోంది. తాతని కొడుతున్నారని ఎక్కడెక్కడివాళ్లో గోల పెట్టారు. ఆ గోల గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద పనికి పోయిన గోపి దాకా పోయింది. గౌరి ఫోను మోగింది. దాంతో వీడియో తెగింది. ఆమె స్పీకరు పెట్టింది.

"అమ్మా! అయ్యని ఎవులు కొడతన్నారే? ఆ తాడు ఒగ్గీమని సెప్పు!" అని గోపి అరిచాడు.

"నువ్వు పుట్టినప్పుడే ఒగ్గనేదు. ఇప్పుడు నువ్వు సెప్తే ఒగ్గుతాడేటి?" అంది కూర్మమ్మ.

అందరూ నవ్వారు. కూర్మమ్మ నవ్వలేదు. గంగులు కూడా నవ్వలేదు. చెమట కళ్లలో పడుతున్నా అతను ఆమెనే చూస్తున్నాడు. మణికట్టు ఉబ్బింది. ఆమె చాలు అంటే చాలు. ఆమె అనదు. ఆమె అననంతసేపూ అతను వదలడు. ఇద్దరిలో ఎవరు గట్టివాళ్లో తేలాలంటే టెక్కలిలో ఆ పూట చాలేటట్టు లేదు.

ఆ మసక వెలుతురులో గంగులు ఒకటి చూశాడు. కూర్మమ్మ నెత్తి మీది గంప నెమ్మదిగా దించింది. గోడవారగా పెట్టింది. మూత సరిచేసింది. చెంగు నడుంలో దోపుకుంది. కిందికి చూసి, బ్యాంకాయన గంపలోంచి రాలిన నెత్తళ్లు లేని చోటు చూసుకుంది. అప్పుడు, "ఓలమ్మా!" అని, కళ్లు తేలేసి, పక్కకి ఒరిగింది.

పెద్ద చప్పుడైంది. అది కూర్మమ్మ పడిన చప్పుడు కాదు. ముప్ఫై కిలోల పలకలు ఒక్కసారి దిగిన చప్పుడు. కింది టైల్సు పగిలాయి. గోడ అదిరి కొరియా హీరో ఒక పక్క ఊడి వేలాడాడు. తాడు టైల్సు మీద పాములా జారి పోయింది. గంగులు నాలుగు అంగల్లో గది దాటి, ఆమె తల నేలకి తగలకముందే పట్టుకున్నాడు.

కూర్మమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఒగ్గీసినావు," అంది.

"ఊఁ."

"ఎవులికీ ఇవ్వకుండా ఒగ్గీసినావు."

"ఊఁ."

కూర్మమ్మ రెండో కన్ను కూడా తెరిచింది. తరవాత, "లేపు. ఒల్లు నొప్పెడతన్నాది," అంది. లేచాక అతని ఉబ్బిన మణికట్టు ఒకసారి తిప్పి చూసింది.

పందెం పందెమే. గంగులు ఫోను ముందు నిలబడి, "ఆ గుంటడిదే రైటు," అన్నాడు. ఆ వీడియోని మొదటిదానికన్నా ఎక్కువమంది చూశారు. హరిబాబు పగిలిన టైల్సు మార్పించాడు, హీరోని మళ్లీ అంటించాడు. ఆడవాళ్ల బ్యాచిలో కొత్తగా ఏడుగురు చేరారు. ఎవరికీ బరువులెత్తాలని లేదు. ఆ గుమ్మం చూడాలని వచ్చారు.

మూడో రోజుకి గాలి తగ్గింది. పెద్దవల దించారు. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని గంగులే కొస పట్టాడు. ఆ వేళ గోపి పుట్టినరోజు కాదు. అయినా కూర్మమ్మ గిన్నెలో పాయసం తెచ్చి, ఏమీ అడక్కుండా, తెప్ప నీడలో పెట్టి వెళ్లింది.

రాముడు పక్కకి చేరాడు. మూడు రోజులుగా కడుపులో దాచుకున్న మాట అది.

"బావా, అప్ప ముందల గంప దించి, మూత సరిసేసి, సెంగు దోపుకుని అప్పుడు పడినాది. నాను సూసినాను. నువ్వు సూడనేదేటి?"

గంగులు సముద్రం వైపు చూశాడు. తరవాత తల తిప్పి తెప్ప నీడలో ఉన్న గిన్నె వైపు చూశాడు.

"సూసినాను," అన్నాడు. "తాడు పట్టు."