కాపీ చేస్తే నెట్ బంద్

ఆ శుక్రవారం పొద్దున్నే గంగరాజు తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, గల్ఫులోని తుబ్లీ కార్మికుల క్యాంపు గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఊళ్లో కూతురి బారసాల. తండ్రి నోటి నుంచే పేరు మూడుసార్లు పాప చెవిన పడాలి. నెట్‌లోంచి పడినా చెల్లుతుందని పంతులుగారు ఒప్పుకున్నారు. పడకపోతే గంగరాజు తల్లి నరసాయమ్మ తన అత్తగారి పేరు పెట్టేస్తానని పట్టు పట్టింది. ఆ పేరు ముసలమ్మ. మొగుడూ పెళ్లాలు మాత్రం హాసిని అనుకున్నారు.

అంతలో పక్కగది హైదరాబాదీ డ్రైవరు తాహెర్ పేపరు ఊపుకుంటూ వచ్చాడు.

"గంగరాజ్ భాయ్, సూసినవా? ఫ్రాన్సుల కొత్త కానూన్ తెస్తున్నరంట. పాటలు, సినిమాలు కాపీ చేస్తున్నరని శక్ వస్తే చాలు. మూడోసారికి నెట్ బంద్!"

వంటగదిలో కాఫీ కాస్తున్న గదిలోని జతగాడు అబ్బులుకు గిన్నెల చప్పుడు మధ్య చివరి ముక్కలే వినిపించాయి. అవి గోదావరి చెవులు. వాటికి కాఫీ ఎప్పుడూ కాపీయే.

"కాపీ చేత్తే నెట్ బందా? ఓర్నాయనో! పొద్దున్నించీ రెండుసార్లు చేసేశాను. ఇది మూడోది!"

కాఫీ వాసనకే అనుమానం వస్తుందని ఓ కట్ట అగరొత్తులు ఒక్కసారే వెలిగించాడు. ఆ పొగ చూసి క్యాంపు వాచ్‌మన్ పరుగున వచ్చి తలుపు బాదాడు.

"దర్వాజా ఖోలో! ఆగ్ లగీ క్యా?"

"నెట్ బంద్ చేసేవాళ్లు వచ్చేశార్రోయ్!" అంటూ అబ్బులు చేతిలోని కాఫీ గ్లాసును కంప్యూటర్ వెనక, నెట్ డబ్బా మీద దాచాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద పంతులుగారు, "పాపను దగ్గర పెట్టాం నాయనా. పేరు చెప్పు" అన్నారు. వాచ్‌మన్ తోసిన తలుపు బల్లకు తగిలింది. గ్లాసు బోర్లా పడింది. డబ్బా మీది దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, 'అయిపోయింది' అనడానికి గల్ఫులో అలవాటైన అరబ్బీ మాటే గంగరాజు నోట వచ్చింది.

"ఖలాస్! ఖలాస్! ఖలాస్!"

తెర నల్లబడింది.

"అరె, కాపీ అంటే తాగుడు గాదయ్యా, నకలు తీసుడు!" అన్నాడు తాహెర్.

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!" అన్నాడు అబ్బులు.

ఫోన్ మోగింది. ఊరి నుంచి భార్య సాయికుమారి.

"ముసలమ్మేనా?" అన్నాడు గంగరాజు నీరసంగా.

"అదేంటండీ! మీరేగా మూడుసార్లు కలశ, కలశ, కలశ అన్నారు! దేవుడి కలశం పేరు పెట్టాడు నా కొడుకని అత్తయ్యగారు ఒకటే మురిసిపోతన్నారు. పంతులుగారు బియ్యంలో రాసేశారు కూడాను. ఇంతకీ హాసినిని ఎప్పుడు మార్చేశారు?"

"ఇప్పుడే... అలా తట్టేసిందిలే."

ఆ తర్వాత తుబ్లీ నుంచి సెలవు మీద ఊరెళ్లే ప్రతివాడి చేతా గంగరాజు ఒట్టు వేయించుకున్నాడు, తన తల్లి ముందు అరబ్బీ ముక్క ఒక్కటీ మాట్లాడనని.