ఎవరి పదిన్నర?

శుక్రవారం పొద్దున్నే ఆరింటికి డెల్బర్ట్ ఎట్సిట్టీ వంటింటి బల్ల మీద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు బరువు పెట్టాడు. ముప్పై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యం చేసి ఎరగడు. అందుకు మెచ్చి ఇచ్చిన చేతిగడియారాన్ని స్నానానికి వెళ్లినా తియ్యడు. ట్యూబా సిటీలో ఆయన బస్సు తప్పిపోయి ఏడవని మనిషి లేడు.

కాగితం మీద ప్రయాణమంతా ఉంది. ఎనిమిదికి బయల్దేరడం. ఎర్ర కొండల వారనే ఉత్తరానికి. తొమ్మిదింబావుకి వంతెన దగ్గర ఆగి, లోయ అడుగున నదిని చూస్తూ ఫలహారం. పదకొండుకి పేజ్ ఊరి చివర ఇసుక లోయ. అక్కడ లోయలోకి తీసుకెళ్లే ట్రక్కు ఎక్కాల్సింది పదిన్నరకి. చదివేవాడికి ఇది పిచ్చి లెక్కలా కనిపించవచ్చు. డెల్బర్ట్ వాళ్ల తెగ నవాహోలు వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు, పేజ్ వాళ్లు తిప్పుకోరు. ఇక్కడ పదకొండంటే అక్కడ పది. అంటే అరగంట ముందే చేరతారు. చిన్నప్పట్నుంచీ ఈ లెక్కతోనే బతుకుతున్న డెల్బర్ట్‌కు ఇందులో వింతేమీ లేదు.

ఈ ప్రయాణం భార్య ఆర్లీన్ కోసం. ఆ లోయలో ఆవిడ చిన్నప్పుడు మేకల్ని మేపేది. వేసవిలో, పేజ్ టైము పన్నెండింటికి, పైనున్న సందులోంచి ఎండ ఒక స్తంభంలా నేల దాకా దిగి, ఇరవై నిమిషాలు నిలబడి వెళ్లిపోతుంది. పదకొండో ఏట హాస్టలు బడికి పంపేశాక ఆవిడ దాన్ని మళ్లీ చూడలేదు. "ఊళ్లో అందరి పిల్లల్నీ తిప్పావు, నన్నొక్క చోటికి తీసుకెళ్లావా?" అని నలభై ఏళ్లుగా అడుగుతోంది. వచ్చే నెల మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత ఆ ఇసుకలో ఎప్పటికి నడుస్తుందో డాక్టరే చెప్పలేనన్నాడు.

చిక్కల్లా వెర్నాతో వచ్చింది. ఆర్లీన్‌కు అక్క. హోపీ తెగ అతన్ని చేసుకుని హైవేకు అవతల మోయెన్‌కోపిలో కాపురముంటోంది. హోపీలూ గడియారం తిప్పరు. నడిస్తే పది నిమిషాల దూరం, గడియారం చూస్తే గంట. పైగా చెప్పిన వేళకు వచ్చే అలవాటు ఆవిడ ఒంట్లోనే లేదు.

అందుకే గురువారం సాయంత్రం డెల్బర్ట్ ఫోన్ చేసి, "వదినా, రేపు మీ టైము ఆరింటికల్లా ఇక్కడుండాలి," అన్నాడు. నిజానికి రావలసింది వాళ్ల ఏడింటికి. పక్క గదిలోంచి విన్న ఆర్లీన్, పాపం ఒక గంట తీసెయ్యాల్సింది రెండు గంటలు తీసేశాడనుకుని, ఆయన బయటికెళ్లగానే అక్కకు ఫోన్ చేసింది. "ఆయన లెక్క తప్పాడే. ఏడింటికి రా." వెర్నా ఫోన్ పెట్టేసి కాసేపు ఆలోచించింది. ఇద్దరు రెండు టైములు చెప్పారంటే తనను నమ్మడం లేదన్నమాట. ఎప్పట్లాగే గంట ముందు చెప్పి ఉంటారు. అంటే అసలు టైము ఎనిమిది.

వెర్నా ఎనిమిదంటే ఇక్కడ తొమ్మిది.

ఎనిమిదీ అయిదుకి డెల్బర్ట్ పికప్ తీసుకుని మోయెన్‌కోపి వెళ్లాడు. తలుపుకి తాళం. హారన్ కొట్టీ కొట్టీ వెనక్కొచ్చాడు. ఈలోగా శుక్రవారం సంతలో కాల్చిన గొర్రె మాంసం కొనుక్కుని అట్నుంచి అటే డెల్బర్ట్ ఇంటికి వచ్చిన వెర్నా, తన కోసం వెళ్లాడని తెలిసి, ఆయన్ని తప్పిపోనివ్వకూడదని మళ్లీ ఇంటికి బయల్దేరింది. తీరా ముగ్గురూ ఒక బండిలో కూర్చునేసరికి తొమ్మిదిన్నర.

"గంటన్నర, వదినా! బస్సయితే వదిలేసి పోయేవాణ్ణి."

"బస్సు కాదుగా మరిదీ. ఇదిగో, ఈ ఎముక పట్టు. ఉప్పు కూడా తెచ్చాను."

ఎర్ర కొండలు అటు పక్క వెలిగిపోతున్నాయి. డెల్బర్ట్ వాటివైపు కన్నెత్తి చూడలేదు. అంతలో ఆర్లీన్ ఫోను పేజ్ వైపు సిగ్నల్ పట్టుకుని గంట వెనక్కి వెళ్లింది. "చూశావా, ఇంకా తొమ్మిదీ అయిదే! బోలెడు టైముంది."

"అది దాని టైము! మన టైము కాదు!"

"ఏ టైమైనా, వంతెన దగ్గర ఆగుదామని నువ్వే రాశావు," అని ఆర్లీన్ కాగితం చూపించింది. తన చేత్తో రాసిన దానికి ఎదురు చెప్పలేక ఆగాడు. పది నిమిషాలే అని ఒట్టు పెట్టించుకున్నాడు.

వంతెన దగ్గర పాతికేళ్ల అమ్మాయి వెండి గొలుసులు అమ్ముతోంది. పేరు శాండీన్. నవాహోల్లో పలకరించాక వంశం చెప్పుకోకుండా కదిలితే మర్యాద కాదు. ఆమెది చేదునీళ్ల వంశం. డెల్బర్ట్ తల్లికి తండ్రి వైపు వాళ్లదీ అదే. దాంతో ఆ పిల్ల అరవై ఎనిమిదేళ్ల డెల్బర్ట్‌కు వరసకు అమ్మమ్మ అయి కూర్చుంది.

"మనవడా, మొహం అలా పెట్టావేం? తినకుండా పోతావా?"

"ట్రక్కు వెళ్లిపోతుంది, అమ్మమ్మా."

"అమ్మమ్మ మాట కాదని పోయినవాడు బాగుపడినట్టు నేను వినలేదు. కూర్చో."

కూర్చున్నాడు. బంధుత్వాలు తవ్వుకుంటూ వెర్నా, శాండీన్ మరో ముగ్గురు పెద్దమ్మల దాకా వెళ్లారు. మాంసం అయిపోయింది. పదకొండూ నలభైకి డెల్బర్ట్ బండి కదిలించాడు.

ఇసుక లోయ ముందు రేకుల పందిరి కింద ఎవరూ లేరు. ట్రక్కు లేదు. చేతిగడియారంలో పన్నెండూ ఇరవై అయిదు, అంటే పేజ్‌లో పదకొండూ ఇరవై అయిదు. యాభై అయిదు నిమిషాల ఆలస్యం. డెల్బర్ట్‌కు ఒళ్లు మండిపోయింది. మంచులో, బురదలో, గొర్రెలు రోడ్డుకడ్డం పడుకున్నా ఆలస్యం కాని మనిషిని ఒక అక్కా, ఒక చెల్లీ, నిన్నగాక మొన్న పుట్టిన ఒక అమ్మమ్మా కలిసి ఇలా చేశారు!

"ముప్పై ఒక్కేళ్లు! ఒక్క మచ్చ లేదు!" అని అరిచాడు. ఆర్లీన్ మోకాలు పట్టుకుని లోయవైపు చూస్తూ నిలబడింది. అది చూడగానే ఆయన కోపం చల్లారిపోయి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు దుమ్ము రేపుకుంటూ ట్రక్కు వచ్చింది. నడుపుతున్నది వెర్నా కొడుకు టెరిల్. వీళ్లకు సీట్లు ఉంచి, పదిన్నరకి రమ్మన్నదీ వాడే.

"అరె, అయిదు నిమిషాలు ముందే వచ్చేశారే, బాబాయ్!"

"ముందా? పదిన్నర అన్నావు కదరా!"

"ట్రక్కు పదకొండున్నరకి. అమ్మ కూడా వస్తోందని తెలిశాక నిజం టైము చెబుతానా?"

డెల్బర్ట్ మొహం ఎర్రబడింది. "నాకా? నాకు దొంగ టైము చెబుతావా? నా జీవితంలో ఎవరూ నాకు..."

"మరి నన్ను ఆరింటికి రమ్మన్నదెవరు, మరిదీ?" అంది వెర్నా, ట్రక్కులో ముందు సీటు చూసుకుని ఎక్కుతూ.

ఆయన వెనక సీట్లోకి ఎక్కాడు. లోపల, పన్నెండింటికి, ఎండ దిగింది. ఆర్లీన్ కుంటుకుంటూ వెళ్లి అందులో చెయ్యి పెట్టింది. "అప్పుడూ ఇక్కడే దిగేది. ఇదిగో, ఈ రాయి పక్కనే," అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. డెల్బర్ట్ అలవాటు కొద్దీ గడియారం చూసుకోబోతే, ఆవిడ రెండో చేత్తో దాన్ని కప్పేసింది. ఇరవై నిమిషాలూ ఆయన అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం ఇంటికి రాగానే బల్ల దగ్గర కూర్చుని, కాగితం చివర 'చేరినది: అయిదు నిమిషాలు ముందు' అని రాసుకున్నాడు. కాస్త ఆలోచించి, దాని కింద ఇంకో మాట కలిపాడు: 'వదినకు ఇకమీదట రెండు గంటలు ముందు చెప్పాలి.'