చీజ్ పళ్లెం దగ్గర ముక్కోణపు ప్రేమ

మా ఫ్రెంచి ముక్కోణపు ప్రేమ సినిమాలను మించిన కాపురపాఠం ఈ లోకంలో లేదు! ఆ హాస్యం, ఆ సరసం! వాటిలో భార్య ఎప్పుడైనా పళ్లాలు పగలగొట్టిందా? ప్రియురాలిని మెట్ల మీంచి గెంటిందా? లేదే! ముగ్గురూ కలిసి వైన్ తాగుతారు, వానలో తడుస్తారు, నవ్వుకుంటారు. గ్లాసులు ఎవరు కడిగారో కెమెరా అడగదు.

మా ఆయన రెజిస్ ఆ సినిమాలన్నీ శ్రద్ధగా చూశాడు. అందుకే తన ప్రియురాలు వివియాన్‌ను చాటుమాటుగా కలవడం మానేసి, ప్రతి ఆదివారం మా ఇంటికే భోజనానికి పిలుస్తున్నాడు. ఎంత నిజాయితీ! భార్యాభర్తలు పక్కపక్కన కూర్చోవడం మోటు కదా, ఆమెను తన కుడిపక్కన కూర్చోబెట్టుకుంటాడు. నాది వంటింటి వైపు కుర్చీ.

మా అత్తగారు ఒర్టాన్స్ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "ఏమిట్రా ఈ పని?" అంటారేమోనని వారం వారం ఆవిడ ముఖంలోకి చూస్తున్నాను. నాకు కావలసింది అంతే.

"ముఖం అలా పెట్టకమ్మా ఓదిల్. ఇంటికి వచ్చినవాళ్లేమనుకుంటారు?" అంటారావిడ.

"మా ఆవిడ సినిమాలు చూడదుగా!" అంటాడు రెజిస్. వివియాన్ అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వుతుంది. అత్తగారు ఆ చేతి కిందనుంచే ఉప్పు అందుకుంటారు.

పోయిన ఆదివారం సలాడ్ అయ్యాక చీజ్ పళ్లెం తిరిగింది. ముక్కోణంగా ఉండే బ్రీ చీజ్ ముక్కకు రుచంతా కొనలోనే ఉంటుంది. అందుకే పక్కనుంచి పొడుగ్గా కోసుకోవాలి, అందరికీ కాస్త కొన దక్కాలి. పసిపిల్లలకు తెలిసిన సంగతి! వివియాన్ మాత్రం రెజిస్ కళ్లలోకి చూస్తూ, కొనంతా అడ్డంగా కోసి తన పళ్లెంలో వేసుకుంది.

అత్తగారి చేతిలోంచి ఫోర్కు జారింది.

"అయ్యయ్యో, కొన కోసేసిందిరా! మీ ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా పిల్లా? పదిమందిదీ నువ్వొక్కదానివే మింగేస్తావా?"

"ఛీ, మా అమ్మ ముందు ఇదేం పని!" అంటూ రెజిస్ తన భుజం మీది వివియాన్ చేతిని తోసేశాడు.

"చీజ్ ముక్కకు ఇంత రాద్ధాంతమా? మీరూ, మీ బ్రీ!" అని వివియాన్ కోటు తగిలించుకుని వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

"ఇలాంటిదాన్ని ఇంట్లో అడుగే పెట్టనివ్వకూడదు," అని తీర్పు చెప్పారు అత్తగారు. రెజిస్ బుద్ధిగా తలూపాడు.

చూశారా, నా కాపురం నిలబడింది! సంతోషంగా కాఫీ పెట్టడానికి లేచాను. ఇన్నాళ్లూ తప్పు నాదే. ఆ వంటింటి వైపు కుర్చీలో కూర్చునే బదులు, ద్రాక్షపళ్ల పక్కన చీజ్ పళ్లెంలో పడుకుని ఉంటే, నా తరఫున ఎవరో ఒకరు ఎప్పుడో నోరు తెరిచేవారు.