ఆడమొక్క పుట్టిన వేళ

అమెరికాలో కాపురముంటున్న ప్రతి తెలుగు కుటుంబమూ బేస్‌మెంట్‌లో ఒక గంజాయి మొక్కని పెంచి తీరాలి!

కంగారుపడకండి. నేను బాగానే ఉన్నాను. ఇది రాసేముందు కాఫీ తప్ప ఏమీ తాగలేదు. మిమ్మల్నీ తాగమనడం లేదు, పెంచమంటున్నాను. గింజ నుంచి, ఇంట్లోనే, లైట్ కింద, సొంత చేతులతో. అదీ రాష్ట్ర చట్టం ఒప్పుకున్న చోట మాత్రమే సుమా! వీసా మీద ఉన్నవాళ్ళూ, గ్రీన్‌కార్డ్ లైన్లో నించున్నవాళ్ళూ ఈ వ్యాసాన్ని ఇక్కడే మడిచి పెట్టి, వెళ్ళి కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోసుకోవలసిందిగా మనవి. ఫెడరల్ గవర్నమెంట్‌కి హాస్యం అర్థం కాదు.

మిగిలినవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి. మన జాతిని బాగుచేయడానికి ఎన్ని పాట్లు పడ్డాం! సభలు పెట్టాం, నాటకాలు వేశాం, గోడల మీద నినాదాలు రాశాం, చోటు చాలక ఆటోల వెనక కూడా రాశాం. ఆడపిల్ల పుడితే పండగ చేసుకోండి బాబూ అని మైకులు పగిలేలా చెప్పాం. ఎవరైనా చేసుకున్నారా? మిషిగన్‌లోని ట్రాయ్‌లో శ్రీధర్ చేసుకున్నాడు. కేకు కోసి మరీ! అతనిచేత ఆ పని చేయించింది ఏ సంఘసంస్కర్తా కాదు, అయిదు గంజాయి గింజలు.

ఈ ఘనకార్యాన్ని దగ్గరుండి చూసింది అతని భార్య రేణు. ఆవిడ సంగతి ముందే చెప్పేస్తాను. వయసు ముప్పై తొమ్మిది. పన్నెండేళ్ళ దియ, ఎనిమిదేళ్ళ నైనిక ఉండగా ఇప్పుడు మళ్ళీ మూడో నెల. "ఒక్కసారి చూద్దాం రేణూ" అన్నాడు శ్రీధర్. ఏం చూడాలో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. ఒంగోలు నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తగారు ధనమ్మ మాత్రం నోరు విప్పి చెప్పింది: "ఈసారి మగపిల్లోడేనమ్మా. నీ నడక చూస్తానే తెలిసిపోతా ఉంది."

మొన్న మంగళవారం బ్లడ్ టెస్ట్ రిజల్ట్ రేణు ఫోన్‌లోకి వచ్చింది. ఆడపిల్ల. ఆమె ఫోన్ బోర్లా పెట్టి పప్పులో పోపు వేసుకుంది. నాలుగు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. భయం వల్ల కాదు. శ్రీధర్ ఏమంటాడో ఆమెకి ముందే తెలుసు, అది మూడోసారి వినే ఓపిక లేదు.

దియ పుట్టినప్పుడు హాస్పిటల్ కారిడార్లోంచి తల్లికి ఫోన్ చేసి, "ఆడపిల్లేనమ్మా. పర్వాలేదులే, ఆరోగ్యంగా ఉంటే చాలు" అన్నాడు. నైనిక పుట్టినప్పుడూ అదే మాట, ముందు ‘మళ్ళీ’ అని చేర్చి. శ్రీధర్ చెడ్డవాడేం కాదు. పిల్లలంటే ప్రాణం పెడతాడు. కానీ ఆ ‘పర్వాలేదు’ మాత్రం రేణు చెవిలో ఇన్నేళ్ళుగా అలాగే ఉండిపోయింది.

ఇక మొక్క మహిమ వినండి!

శ్రీధర్ కారు బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. సిగరెట్ ముట్టడు, పార్టీల్లో వైన్ గ్లాసు పట్టుకున్నా ఫోటో వరకే. పెరట్లో వేసిన టమాటాలని వరసగా మూడేళ్ళు జింకలు మేసేశాక విరక్తి పుట్టి ఉన్నాడు. ఆ సమయంలో ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరైపోతూ, జింకలు రాని వ్యవసాయం చేసుకో నాయనా అని ఈ అయిదు గింజలూ ఇచ్చి వెళ్ళాడు. అంతే! బేస్‌మెంట్ మూలగదిలో గుడారం లేచింది. లైటు, ఫ్యాను, తేమ కొలిచే మీటరు వచ్చాయి. పిల్లలు వెళ్ళకుండా తలుపుకి తాళం పడింది. ఆ తాళంచెవిని శ్రీధర్ స్నానానికి వెళ్ళినా వదల్లేదు.

గింజలు తడిగుడ్డలో మొలకెత్తించాలని తెలిసి ధనమ్మ ఫక్కున నవ్వింది. "పెసలు మొలకలు కట్టడం నాకు తెలీదంట్రా?" అని తన పాత వాయిల్ చీర ముక్క చింపి ఇచ్చింది. గంజాయి అని తెలిశాక చెంపలు వాయించుకుంది గానీ, అమెరికాలో ఇది కూడా ఉద్యోగం లాంటిదే కాబోలని సర్దుకుంది.

ఇద్దరు పిల్లల పసితనాన్నీ నిద్రలో దాటేసిన మనిషి, గింజ పగిలిందో లేదో చూడ్డానికి అలారం పెట్టుకుని లేచాడు! దియ చెప్పుల సైజు తెలియనివాడికి మొక్క ఎత్తు మిల్లీమీటర్లలో తెలుసు. పిల్లల డాక్టర్ పేరు అడిగితే రేణు వైపు చూసేవాడికి ఆకు మీద ప్రతి మచ్చకీ పేరు తెలుసు. ఒక ఆకు అంచు పసుపెక్కిందని ఆఫీసుకి సెలవు పెట్టాడు. నైనికకి అమ్మవారు పోసినప్పుడు పెట్టాడా? పాతవన్నీ ఇప్పుడెందుకు తవ్వడం! మగాడికి మాతృత్వం నేర్పే మొక్క ఇంకోటుంటే చూపించండి.

అసలు మహిమ వేరే ఉంది. ఈ మొక్కల్లో ఆడవి వేరు, మగవి వేరు. పెంచేవాళ్ళకి కావలసిన పువ్వు ఆడమొక్కకే పూస్తుంది. మగమొక్క పుప్పొడి గాలికి రాలిందంటే పువ్వంతా గింజలు కట్టి, పడిన శ్రమంతా బూడిదపాలు. అంటే, ఖాళీగా తిరిగే ఒక్క మగాడి వల్ల ఇంట్లో ఆడవాళ్ళ పని మొత్తం పాడవుతుందన్నమాట. ఈ విషయం సైన్స్ చెప్పకముందే రేణుకి తెలుసు.

కచ్చితంగా ఆడవే మొలిచే గింజలు కూడా అమ్ముతారట. వాటికి రేటెక్కువట! ఆడపిల్ల గ్యారంటీ అని చెప్పి ఎక్కువ డబ్బులు గుంజే వ్యాపారం భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?

అయిదింట్లో నాలుగు మొలిచాయి. ఒకటి పసికూనగానే వాడిపోయింది. ఆరో వారానికి రెండు మగవని తేలాయి. నడుమెత్తు పెరిగి, నిగనిగలాడుతున్న మొక్కలవి. శ్రీధర్ రెంటినీ వేళ్ళతో సహా పీకి చెత్తబుట్టలో కుక్కాడు.

"అంత పచ్చగా ఉన్నవాటిని పీకేశావేందిరా?" అని ధనమ్మ లబోదిబోమంది.

"మగవమ్మా. ఎందుకు పనికొస్తాయి?" అన్నాడు శ్రీధర్.

మెట్ల మీద బట్టల బుట్టతో నించున్న రేణు ఆ మాట విని బుట్ట కింద పెట్టింది. ఒంగోలు వంశంలో ఈ వాక్యం పలికిన మొదటి మగాడు తన భర్తే అయివుంటాడని ఆమెకి అనిపించింది.

మిగిలిన ఒక్క మొక్కా ఆడదే కావాలని శ్రీధర్ గుడికి వెళ్ళి పదకొండు కొబ్బరికాయలు మొక్కుకున్నాడు. శనివారం మధ్యాహ్నం తేలిపోతుందని లెక్క వేసి, స్నేహితులు వినీత్, ప్రణీతల్ని భోజనానికి పిలిచాడు. ఇక్కడ కడుపులో బిడ్డ ఎవరో ప్రకటించడానికి పార్టీలు చేస్తారు కదా, మొక్కకీ చేశాడు! నమ్మకం కొద్దీ ‘ఇట్స్ ఎ గర్ల్’ అని రాయించి గులాబీరంగు కేకు కూడా తెప్పించాడు.

అందరూ హాల్లో ఉండగా భూతద్దం పట్టుకుని కిందికి దిగాడు. రెండు నిమిషాల తర్వాత మెట్లు అదిరిపోయాయి.

"ఆడపిల్ల! అమ్మా, ఆడపిల్ల!"

వినీత్ లేచి కౌగిలించుకున్నాడు. "కంగ్రాట్స్ బ్రో! సాధించావ్!" ధనమ్మ పరుగున వెళ్ళి పంచదార తెచ్చి కొడుకు నోట్లో పోసింది. "మాలచ్చిమి పుట్టిందిరా నా తండ్రే!" ప్రణీత వీడియో తీసింది. శ్రీధర్ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. రేణు ఆ నీళ్ళు చూసింది. పద్నాలుగేళ్ళ కాపురంలో రెండు పురుళ్ళప్పుడూ ఆమె వెతుక్కున్నవి అవే. వాటిని చూశాక ఇక ఆగలేకపోయింది.

"ఇంకో గుడ్ న్యూస్" అంది రేణు, కేకు కత్తి పట్టుకుని. "నా రిపోర్ట్ వచ్చింది. మనకీ ఆడపిల్లే."

వినీత్ తన ప్లేట్లో గుత్తివంకాయని శ్రద్ధగా పరీక్షించసాగాడు. ప్రణీత ఫోన్ దించేసింది. శ్రీధర్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "ఓ... సరే. పర్వాలేదులే."

ధనమ్మ నిట్టూర్చి, పంచదార గిన్నె బల్ల మీద పెట్టింది. "పోనీలేమ్మా. ఆరోగ్యంగా ఉంటే అంతే చాలు."

"మీ అబ్బాయి పీకి పారేసిన ఆ రెండు మొక్కలూ ఆరోగ్యంగానే ఉన్నాయి కదత్తయ్యా!" అంది రేణు.

రేణు భర్త వైపు తిరిగింది. అత్తగారి ముందు అతన్నెప్పుడూ ‘మీరు’ అనే మనిషి, ఆ సంగతే మర్చిపోయింది.

"శ్రీధర్, నువ్వు కిందికి వెళ్ళు. మళ్ళీ మెట్లెక్కి రా. ఇందాక ఎలా అరిచావో అలాగే అరవాలి. ఈ కడుపులో దానికోసం ఒకసారి. తర్వాత నైనిక కోసం. ఆఖర్న దియ కోసం. దానికి పన్నెండేళ్ళు లేటయింది, కాబట్టి ఇంకాస్త గట్టిగా."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, దిగాడు. మొదటిసారి గొంతు పీలగా వచ్చింది. చెల్లదని రేణు వెనక్కి పంపింది. రెండోసారి బాగానే వచ్చింది. నైనిక వంతుకి ధనమ్మే గిన్నె అందుకుని మనవరాలి నోట్లో పంచదార పోసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. దియ చేతులు కట్టుకుని మెట్ల దగ్గర నించుంది.

"లౌడర్, డాడీ! నాకు వినపడాలి!"

ఆఖరి అరుపుకి పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. శ్రీధర్ ఆయాసపడుతూ పెద్దకూతుర్ని పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఈసారి నీళ్ళు మొక్క కోసం కాదు.

ఇంతమాత్రానికి గంజాయి ఎందుకయ్యా, అది లేకుండా జరగదా అని మీరు అడగొచ్చు. ఎందుకు జరగదు, జరుగుతుంది. పన్నెండేళ్ళుగా జరగలేదంతే.