సర్వర్ మీద భారం

నిమిషంగారు ఆ ఉదయం అద్దం ముందు గడ్డం గీసుకుంటూ రోజంతటికీ పథకం వేసేసుకున్నారు. మధ్యాహ్నంలోగా సాఫ్ట్‌వేర్ జబ్బు కుదర్చడం, సాయంత్రం చైర్మన్ ముందు కాలరెగరేయడం, పెందరాళే ఇల్లు చేరడం. ఎవరి కంప్యూటర్ మొరాయించినా "ఒక్క నిమిషం!" అంటూ భరోసా ఇచ్చేస్తారు కాబట్టి ఆఫీసులో ఆయనకా పేరు స్థిరపడిపోయింది. ఆ నిమిషం ఒక్కోసారి పూటంతా సాగుతుందని గిట్టనివాళ్ళు అంటారు గానీ, ఆయన ధీమాకి మాత్రం ఇంతవరకూ చిల్లు పడలేదు.

"అక్క ఫోన్ చేసిందండీ," అంది భార్య వంటింట్లోంచి. "మీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు నొక్కి, అది తెరుచుకునేలోగా బావగారు ఓ కునుకు తీసి లేస్తున్నారట."

"మీ బావగారికి కునుకు తియ్యడానికి నా సాఫ్ట్‌వేర్ వంక కావాలా?"

"ఆ మాట చైర్మన్ గారితో కూడా అన్నారట."

నిమిషంగారి చేతిలో రేజరు ఆగిపోయింది. ఆ బావగారు ఆయనకి తోడల్లుడు. ఇద్దరూ పనిచేసేది గోడల రంగులు తయారుచేసే కంపెనీలో. ఊరూరా శాఖలున్నాయి. అన్నిటికన్నా దూరంగా ఉన్న శాఖకి తోడల్లుడే మేనేజరు. బిల్లులన్నీ హెడ్డాఫీసులోని ఒకే ఒక్క పెద్ద యంత్రంలో, అంటే సర్వర్‌లో, ఉంటాయి. హెడ్డాఫీసులో చిటికె వేసేలోగా తెరుచుకునే బిల్లు శాఖల్లో మాత్రం తెర మీద గుండ్రాలు తిప్పుతూ కూర్చుంటుంది. సాయంత్రంలోగా దీని సంగతి తేల్చకపోతే కంప్యూటర్ విభాగాన్ని బయటి కంపెనీకి అప్పగించి, నిమిషంగారిని గోడౌన్‌కి పంపిస్తానని చైర్మన్ కచ్చితంగా చెప్పేశారు. గోడౌన్‌కి వెళ్ళడానికి ఆయన భయపడలేదు. ఆ వార్త తోడల్లుడి నోటి మీదుగా అత్తవారింటికి చేరుతుందని తలుచుకునే కుమిలిపోయారు.

అయినా ఆఫీసు మెట్లెక్కేసరికి ధీమా తిరిగొచ్చేసింది. తీగలన్నీ పరీక్షించడం ఎప్పుడో అయిపోయింది. పాత సర్వర్ అలసిపోయిందని ఆయన నమ్మకం. కొత్తది సిద్ధంగా ఉంది. భోజనాల వేళ పాతది తీసి దాన్ని పెట్టేస్తే సరి. ఉత్సాహంగా కూర్చుని ఉద్యోగులందరికీ ఒక మెసేజు పంపారు.

"పనులు ఆలస్యం కావడానికి సర్వరే కారణమని తేలింది. ఈ మధ్యాహ్నం పాత సర్వర్‌ని తీసేసి కొత్త సర్వర్‌ని పెడుతున్నాం. అంతవరకూ సర్వర్ మీద భారం వేయకుండా సహకరించగలరు."

శాఖలవాళ్ళకి ఇది సరిగ్గానే అర్థమైంది. చిక్కంతా హెడ్డాఫీసులోనే వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్ ఏనాడూ నీరసపడలేదు కాబట్టి, సర్వర్ అనే యంత్రం ఒకటుందన్న ధ్యాసే ఎవరికీ లేదు. వాళ్ళెరిగిన సర్వర్ ఒక్కరే. కింద క్యాంటీన్ నుంచి అన్ని అంతస్తులకీ ట్రేలో కాఫీ మోసుకొచ్చే సర్వర్ బాబాయి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు ఉండడంతో కాఫీ ఆలస్యమయ్యే మాటా నిజమే.

"ఇన్నేళ్ళు మన చేతికి కాఫీ అందించిన మనిషిని మెసేజు పెట్టి పీకేస్తారా?" అని అకౌంట్స్ సెక్షన్ అగ్గి మీద గుగ్గిలమైంది.

"పైగా ఆలస్యానికంతటికీ ఆయనే కారణమట. మనం ఫైళ్ళు కదపకపోవడానిక్కూడా ఆయనేనా?"

"పోనీలే, కనీసం భారం వెయ్యొద్దన్నారు. ఆ మాత్రం దయ ఉంది."

అంతే, ఎవరి కప్పు వాళ్ళే కడుక్కోవడం మొదలైంది. తర్వాత అందరూ తమ తమ తెరల ముందు కూర్చుని, దేన్నో కళ్ళార్పకుండా చూస్తూ ముక్కులు చీదుకున్నారు.

కాసేపటికే నిమిషంగారికి ఫోన్ వచ్చింది.

"తమ్ముడూ, ఏం చేశావయ్యా? పొద్దున గుండ్రమైనా తిరిగేది. ఇప్పుడదీ ఆగిపోయింది," అన్నాడు తోడల్లుడు.

"ఒక్క నిమిషం, అన్నయ్యగారూ."

"నీ నిమిషం సంగతి నాకు తెలుసులే. చైర్మన్ గారికి నేనేం చెప్పను. ఆయన అడిగితే తప్ప."

నిమిషంగారు వెంటనే తెర మీద చూశారు. శాఖలకి వెళ్ళే లైను ఇసక వేస్తే రాలనంత కిక్కిరిసిపోయి ఉంది. ఇంత రద్దీ మనుషుల పని కాదనుకున్నారు. వైరస్ అయి ఉంటుందని క్షణంలో తేల్చేసి, మరో మెసేజు పంపి, సర్వర్ గదిలోకి దూరి తలుపేసుకున్నారు.

"సర్వర్‌కి వైరస్ సోకినట్టు అనుమానం. శుభ్రం చేసేవరకూ సర్వర్ దగ్గరికి ఎవరూ వెళ్ళరాదు."

హెడ్డాఫీసులో కాఫీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. హెచ్ఆర్ మేడమ్ అప్పటికే సగం కప్పు తాగేసి ఉన్నారు. "సిస్టమ్‌లు ఆపెయ్యండి! అందరూ కిందికి దిగండి! దూరం దూరంగా!" అని ఆవిడ కేకలేస్తూ అందరికన్నా ముందు దిగారు. కార్లు పెట్టే చోట జనం ఒకరినుంచి ఒకరు ఎడంగా నిలబడి, ఎవరి నుదురు వాళ్ళు తాకి చూసుకున్నారు.

"నాకు పొద్దుట్నుంచీ ఒళ్ళు వెచ్చగానే ఉంది," అన్నాడు స్టోర్స్ గుమాస్తా.

"నువ్వు తాగేది టీ కదయ్యా?"

"తెచ్చేది ఆయనేగా!"

చల్లటి యంత్రాల రొదలో ఉన్న నిమిషంగారికి ఇవేవీ తెలియవు. కొత్త సర్వర్‌కి ఇంకా తీగ కూడా తగిలించలేదు, ఈలోగా చైర్మన్ నుంచి కబురొచ్చింది.

"రావయ్యా, సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే చూద్దాం. మీ తోడల్లుడు లైన్లోనే ఉన్నాడు."

నిమిషంగారు అడుగులో అడుగేసుకుంటూ చైర్మన్ గదికి వెళ్ళారు. మొహం మాత్రం ఎప్పటిలాగే వెలుగుతోంది. చైర్మన్ ఫోన్లో గట్టిగా, "ఏదీ, ఒక బిల్లు తెరువు," అన్నారు. "ఒక్క నిమిషం" అనడానికి నిమిషంగారు నోరు తెరిచేలోగానే జవాబొచ్చింది.

"తెరుచుకుంది సార్."

"ఇంకోటి."

"అదీ తెరుచుకుంది సార్. నేను నొక్కకముందే తెరుచుకునేట్టుంది. తమ్ముడూ, కొత్త సర్వర్ పెట్టేశావా?"

"చిన్న సర్దుబాటు చేశానంతే, అన్నయ్యగారూ," అన్నారు నిమిషంగారు, తానేం సర్దారో తనకే తెలియక.

"ఏమిటా సర్దుబాటు?" అని చైర్మన్ అడగబోతుండగా తలుపు తెరుచుకుంది. మూతికి రుమాలు కట్టుకుని సర్వర్ బాబాయి లోపలికొచ్చారు. ఆయన వెనకాల, బాగా వెనకాల, హెచ్ఆర్ మేడమ్.

"అయ్యా, మోకాళ్ళ నొప్పి తప్ప నాకే రోగమూ లేదండీ. తీసెయ్యాలంటే తీసెయ్యండి. కానీ వైరస్సని పేరు పెట్టి పంపకండి. రేపు నా చేతి నీళ్ళెవరు తాగుతారు?"

నిమిషంగారికి తను పంపిన మెసేజులు రెండూ కళ్ళముందు కదిలాయి. ధీమా మొదటిసారి జారిపోయింది. గబగబా వెళ్ళి ఆ పెద్దాయన చేతులు పట్టుకున్నారు.

"మీరు కాదు బాబాయ్! కంప్యూటర్లకి కూడా సర్వర్ అని ఒక యంత్రం ఉంటుంది. నేను రాసింది దాని గురించి. తప్పు నాది, నన్ను క్షమించండి."

బాబాయి రుమాలు దించుకున్నారు. "మరైతే వీళ్ళంతా నన్ను చూసి ఏడుస్తున్నారేంటి బాబూ?"

"కెమెరాలో చూసండీ," అన్నారు మేడమ్ నసుగుతూ. "కాఫీ ఎప్పుడొస్తుందో తెలీదు కదా. ట్రే ఎత్తగానే కనిపించాలని అందరం క్యాంటీన్ కెమెరాని తెర మీద ఓ మూల తెరిచి పెట్టుకుంటాం. ఇవాళ బాబాయికి ఆఖరి రోజనుకుని... తెర నిండా పెట్టుకున్నాం."

నిమిషంగారి మొహం మళ్ళీ వెలిగిపోయింది. "దొరికింది సార్! ఆ కెమెరా బొమ్మ పై అంతస్తులకి నేరుగా రాదు. బయట కెమెరా కంపెనీవాళ్ళ యంత్రం దాకా వెళ్ళి, మళ్ళీ మన లైన్లోనే ప్రతి బల్లకీ విడివిడిగా వస్తుంది. శాఖల బిల్లులు నడిచేదీ ఆ లైన్లోనే. రోజూ ఆ దారి నిండా బాబాయే ఉన్నారు సార్! జనం తెరలు ఆపి కిందికి దిగారు, దారి ఖాళీ అయింది."

"అంటే కాఫీ ఆలస్యం కాబట్టి అందరూ ఆయన్ని చూస్తున్నారు. చూస్తున్నారు కాబట్టి బిల్లులు ఆలస్యం." చైర్మన్ నవ్వాపుకోలేకపోయారు. "మరి నీ మొదటి మెసేజు అక్షరాలా నిజమేగదయ్యా! సర్వరే కారణం."

ఆ రోజే తెరల మీద కెమెరా బొమ్మ రాకుండా ఆపించేశారు. అంతస్తుకో పెద్ద ఫ్లాస్కు పెట్టించారు. బాబాయి మెట్లెక్కే అవసరం లేకుండా క్యాంటీన్‌లోనే కూర్చుని ఫ్లాస్కులు నింపితే చాలన్నారు. కంప్యూటర్ విభాగం నిమిషంగారి దగ్గరే ఉంటుందని తేల్చి, వెళ్ళబోతున్న ఆయన్ని చైర్మన్ వెనక్కి పిలిచారు.

"కారణం కాఫీ దాకా వెళ్ళి పట్టుకున్నావు కాబట్టి, రేపట్నుంచి క్యాంటీన్ కూడా నువ్వే చూసుకో."

శాఖల్లో బిల్లులు ఇప్పుడు రెప్పపాటులో తెరుచుకుంటున్నాయి. ఆ సంగతి వదిలేసి తోడల్లుడు అత్తవారింటికి ఫోన్ చేసి ఒక్క ముక్కే చెప్పాడు: "తమ్ముడు ఇప్పుడు క్యాంటీన్లో చేస్తున్నాడు."